నేను భద్రపరిచిన నరసమ్మత్త గొంతు

చనిపోయిన మనిషి గొంతు ఒక్కసారి వినాలని ఊరు ఊరంతా చాపల మీద చేరి చెవులు రిక్కించుకుని కూర్చుంటే, వాళ్ళ ఎదుట మూడడుగుల స్పీకరు పెట్టి నేనేం వినిపించానో ఇప్పుడు చెప్పబోతున్నాను. మీకు నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. నాకు ఆరోజు ముందు ఏడుపొచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే రెండూ ఒకేసారి వస్తున్నాయి. అప్పుడు మాత్రం కళింగపట్నం సముద్రం ఇంకో నాలుగడుగులు ముందుకొచ్చి నన్ను స్పీకరుతో సహా లాక్కుపోతే బాగుండుననుకున్నాను.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను విజయనగరంలో ఒక కాలేజీలో పనిచేస్తాను. నా పరిశోధన కృత్రిమ మేధకీ, మనిషి జ్ఞాపకశక్తికీ, ఫోనుతో చేసే వైద్యానికీ మధ్యలో ఉంటుంది. మధ్యలో అంటే నిజంగా మధ్యలోనే. కంప్యూటర్ వాళ్ళు నన్ను సైకాలజీ మనిషి అంటారు. సైకాలజీ వాళ్ళు కంప్యూటర్ మనిషి అంటారు. డాక్టర్లు ‘యాప్ మేడమ్’ అంటారు. మూడు శాస్త్రాలకూ వంతెన కడుతున్నానని నేను మురిసిపోతుంటే, మూడు డిపార్ట్‌మెంట్ల వాళ్ళూ నన్ను టీ పార్టీలకు పిలవడం మానేశారు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు పిలిచే ఉంటారని ఎవరికి వాళ్ళు అనుకుంటారట.

కొన్నేళ్ళ క్రితం, అంటే నాకు ఇంకా అన్నీ తెలుసుననుకునే రోజుల్లో, శ్రీకాకుళంలో మెదడు జబ్బులు చూసే డాక్టర్ ఉమతో కలిసి ఒక యాప్ మొదలుపెట్టాను. పెద్దవయసులో మతిమరుపు జబ్బు బయటపడకముందే మాటల్లో తేడా వస్తుంది. మాటకీ మాటకీ మధ్య వెతుకులాట పెరుగుతుంది. పెద్దాళ్ళు మామూలుగా మాట్లాడుతుంటే ఫోను విని, ఆ తేడా పట్టుకుని, ముందే హెచ్చరించాలి. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా యాపు వార్తలు చదివేవాళ్ళ తెలుగు విని పెరిగింది. దాన్ని తీసుకెళ్ళి కళింగపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ ముందు పెడితే పది మాటల్లో ఒక్కటి కూడా దానికి అర్థం కాలేదు. ఉమ తలపట్టుకుంది. అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. “మాటలు వదిలేద్దాం ఉమా! మాటల మధ్య వచ్చే మౌనాన్ని కొలుద్దాం. మౌనానికి యాస ఉండదు కదా!” అన్నాను. ఈ వాక్యం తరవాత రెండు సదస్సుల్లో కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆపైన మా పరిశోధన నియమాలు చూసే కమిటీ వాళ్ళు, “మనిషి గొంతు అంటే ఆ మనిషి ఆనవాలు. అవసరం తీరాక ఉంచుకోకూడదు” అన్నారు. సరైన మాటే. నాబోటి అతి బుద్ధిమంతురాలికి ఆమాత్రం చెబితే ఆగుతుందా? ఒక ప్రోగ్రాం రాశాను. రికార్డింగు చేతికొచ్చిన రోజే అది మాటల్నీ మౌనాల్నీ విడదీస్తుంది. మాటల్లోంచి కావలసిన లెక్కలు తీసుకుని, గొంతును ఆనవాలు లేకుండా చెరిపేస్తుంది. మౌనాల్ని మాత్రం ముక్కలు ముక్కలుగా దాస్తుంది. మౌనం వింటే మనిషెవరో తెలియదు కాబట్టి దాన్ని ఎన్నేళ్ళయినా ఉంచుకోవచ్చు. కమిటీ వాళ్ళు ముచ్చటపడి నాకొక జ్ఞాపిక కూడా ఇచ్చారు. తరవాత వేరే పనుల్లో పడి ఆ ప్రోగ్రాం సంగతే మరిచిపోయాను. మతిమరుపు మీద పరిశోధన చేసేదాన్ని కదా, ఆ మాత్రం ఉండాలి.

ఇక నరసమ్మత్త. అసలు పేరు అప్పలనరసమ్మ. అరవై దాటిన మనిషి. ఒడ్డున ఇసకలో వలలు పరిచి వాటి మీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టేది. పక్కనే ఆవిడ పెనిమిటి దానయ్య మావ తెగిన వల కుట్టుకుంటూ కూర్చునేవాడు. ఆయన నోరు విప్పగా నేను వినలేదు. కొందరి స్వభావం అంతే అనుకున్నాను.

మొదటిరోజు ఫోను ఆవిడ ముందు పెట్టి, నా దగ్గరున్న అత్యంత మర్యాదైన గొంతుతో, “ఆంటీ, మీ జ్ఞాపకశక్తి ఎలా ఉందో చిన్న పరీక్ష చేస్తాం” అన్నాను.

“ఆంటీ ఏటి? నానేటి నీ అపార్టుమెంటుల ఉన్నానేటి? అత్తా అను.”

“సరే అత్తా. మీ పేరు చెప్పండి.”

“నా పేరుతోటి నీకేటి పని? తిన్నావా లేదా అది సెప్పు ముందు.”

“తిన్నానండీ. ఇవాళ ఏ వారం?”

ఆవిడ చేతిలో చేపలు వదిలేసి నా వంక జాలిగా చూసింది. “ఒసే, అంత సదువు సదివి, వారమేటో తెలీకుండానే బస్సెక్కీసినావా?”

పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేను పట్టువదలకుండా, “మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. బల్ల, గొడుగు, జామకాయ. ఐదు నిమిషాల తరవాత అడుగుతాను” అన్నాను. ఐదు నిమిషాల తరవాత అడిగితే ఆవిడ చెప్పింది. మూడు వారాల తరవాత నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడే నన్ను అడిగింది. “ఒసే మేడమూ, ఆ మూడు మాటలేటో సెప్పు సూద్దును?” నాకు బల్లా, గొడుగూ తోచాయి. మూడోది ఎంత తన్నుకున్నా తోచలేదు. “జామకాయే, జామకాయ! నీకే బాగోలేదు. ఆ మిషను నీకు పెట్టుకో” అంది. అప్పటినుంచీ ఆవిడకు నేను ‘ఒసే మేడమూ’నే. పక్కపక్కన నిలవని ఈ రెండు పిలుపుల్నీ కలిపి పిలవడం నా జీవితంలో ఆవిడకొక్కదానికే చెల్లింది.

మా యాపు మాత్రం ఆవిడకు మొదటిరోజే తీర్పు ఇచ్చేసింది. ఎర్ర అక్షరాల్లో ‘తీవ్రమైన మతిమరుపు. వెంటనే వైద్యుణ్ణి కలవండి’ అని వచ్చింది. నేను కంగారుపడి ఉమకు ఫోను చేశాను.

“ఉమా, నిమిషం నిమిషం మౌనాలున్నాయి! మామూలు మనిషి రెండు మూడు సెకన్లు ఆగితే ఎక్కువ. ఈవిడ మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోతోంది!”

“ఎక్కడికి వెళ్తోంది?”

“అదే తెలియడం లేదు. పాపం, మాట వెతుక్కుంటోందేమో.”

ఉమ ఆదివారం పనిమాలా నాతో వచ్చింది. వచ్చి, పావుగంట చూసి, నా భుజం మీద ఒక్కటి వేసింది. “ఆవిడ మాట వెతుక్కోవడం లేదు తల్లీ. అడ్డపొగ తాగుతోంది!”

మా వైపు కాని వాళ్ళకు చెప్పాలి. అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకుని తాగడం. మా తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పని చేసుకుంటూనే ఉంటాయి. కొందరు ఆ నిప్పుతోనే మాట్లాడేస్తారు కూడా. నరసమ్మత్తకు మాత్రం నియమం. నిప్పు నోట్లో ఉన్నంతసేపు పెదవి విప్పదు. చుట్ట తీశాక, ఊపిరి తీసుకుని, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే అందుకుంటుంది. అంత చదువూ చదివి నేను ఆ మౌనాన్నే చూశాను కానీ, ఎదురుగా ఆవిడ నోట్లో ఉన్న చుట్టను చూడలేదు. ఫోనులో గీతలు చూస్తున్నాను కదా!

ఉమ ఆవిణ్ణి కూర్చోబెట్టి, “ఇలా తాగితే అంగిలి పాడైపోతుందమ్మా, మానెయ్” అని గట్టిగా చెప్పింది. నరసమ్మత్త అంతా శ్రద్ధగా వింది. శ్రద్ధగా ఎందుకు విందంటే నోట్లో నిప్పుంది.

నిజం చెబితే నా పరిశోధనకు ఒక్కొక్కరి దగ్గరికి రెండుసార్లు వెళ్తే చాలు. ఆవిడ దగ్గరికి తొమ్మిదిసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ రికార్డింగు పెట్టాను, ఉత్తపుణ్యానికి వచ్చినట్టు ఉండకూడదని. శ్రీకాకుళంలో బస్సు మారి గార మీదుగా వెళ్తుంటే, ఇవాళ ఏం తిడుతుందోనని నాకు ఉత్సాహంగా ఉండేది. కాలేజీలో అందరూ నన్ను గౌరవంగా పలకరించేవాళ్ళే. నన్ను చూడగానే పని ఆపి, “సిక్కిపోనావే, నీకు తిండి పెట్టీవోలు లేరేటి?” అని అడిగేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆవిడది కొంచెం బొంగురు గొంతు. ఒడ్డున నిలబడి పడవలో ఉన్నవాళ్ళను పిలిచి పిలిచి పెరిగిన గొంతు. పక్కనే కూర్చున్నా సముద్రంలో ఉన్నామనుకునే అరిచేది. ఆ అరుపు నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

తరవాత ప్రాజెక్టు అయిపోయింది. వేరేది వచ్చింది. ‘ఈ నెల వెళ్దాం, వచ్చే నెల వెళ్దాం’ అనుకుంటూ ఏడాదిన్నర వెళ్ళలేదు. ఒకరోజు పొద్దున్నే వాళ్ళమ్మాయి లక్ష్మి ఫోను చేసింది. అదే ఊళ్ళో, అదే వీధిలో ఉంటుంది. నరసమ్మత్త పోయి నాలుగు రోజులైందట. చేపలు తిరగేస్తూ కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. అంతలో ఫోను దానయ్య మావ తీసుకున్నాడు. ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.

“మేడమూ, నాను దానయ్యని. ఒక మాట అడగాల.”

“చెప్పు మావా.”

“దాని మొకం కళ్ళ ముందే ఉన్నాది. గొంతు జారిపోతన్నాది. నిన్న ఉన్నాది ఇవాళ నేదు. మంచం మీద కూకొని ఎంత తలుసుకున్నా రాదు. ఒక్కపాలి ఇంటే మల్లీ పట్టుకుంటాను. నీ మిషనుల దాని గొంతు ఉన్నాదని లచ్చిమి సెప్పినాది. నిజమేనా?”

మీకు అనుమానం రావచ్చు, ఈ రోజుల్లో గొంతు రికార్డు లేని మనుషులుంటారా అని. ఉంటారు. వాళ్ళది నొక్కుడు బొత్తాల ఫోను. ఎవరైనా వీడియో తీయబోతే నరసమ్మత్త మొహానికి చెంగు అడ్డం పెట్టుకునేది. మనవరాలి పెళ్ళి వీడియోలో ఒక్కచోట దొరికిపోయింది. చెయ్యి ఊపుతూ ఎవరినో కేకలేస్తోంది. కానీ వినిపించేదంతా బ్యాండుమేళం.

అందుకని ఆయన అడగ్గానే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఉంది మావా! భద్రంగా ఉంది! పెద్దకర్మ రోజున నేనే తీసుకొచ్చి అందరికీ వినిపిస్తాను!” అన్నాను.

“ఉన్నాదటే లచ్చిమీ!” అని ఆయన అటు తిరిగి చెప్పడం వినిపించింది. ఆ మనిషి గొంతులో అంత సంతోషం.

ఆ సాయంత్రం పాత కంప్యూటర్ తెరిచాను. తొమ్మిది రోజుల పేర్లతో తొమ్మిది ఫోల్డర్లు, ఒక్కొక్కదాంట్లో బోలెడు ముక్కలు. హమ్మయ్య, అన్నీ ఉన్నాయనుకున్నాను. తెలివైనవాళ్ళు ఎవరైనా ఒక్కటి నొక్కి వింటారు. నేనూ వేలు పెట్టాను. కానీ ఆ గొంతు ఒంటరిగా వినడానికి ధైర్యం చాలలేదు. వింటే ఏడుస్తాను. అందరితో కలిసి వింటే కొంచెం తక్కువ ఏడుస్తాననుకున్నాను. వినకుండానే ఫోనులోకి ఎక్కించుకున్నాను. ఈ కథలో నా తప్పులన్నిట్లో ఈ ఒక్కదానికైనా మీరు నన్ను క్షమించాలి.

పెద్దకర్మ రోజున మా కాలేజీ వార్షికోత్సవాలకు వాడే స్పీకరును కారులో వేసుకుని వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేశారు. దండేసిన ఫొటో ముందు ఆవిడకు ఇష్టమైన చేపల పులుసు, గారెలు, ఒక చుట్టల కట్ట పెట్టారు. ఊరంతా అక్కడే చాపల మీద కూర్చుని ఉంది. దానయ్య మావ కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో, స్పీకరుకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. నాకోసం కుర్చీ వేయించాడు. అక్కడితో ఊరుకుని బొత్తాం నొక్కితే పోయేది. నేను ఉపన్యాసం ఇచ్చాను. “మనిషి పోయినా మాట పోదు. అదే సాంకేతిక విజ్ఞానం మనకిచ్చిన వరం. ఇప్పుడు నరసమ్మత్త మీతో మాట్లాడుతుంది!” అన్నాను. ముసలమ్మలు చెంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నొక్కాను.

ఏమీ లేదు.

“సౌండు రాట్లేదు మేడమ్” అన్నాడు మైకుసెట్టు సూర్యనారాయణ.

“వస్తుంది, మొదట్లో కొంచెం ఖాళీ ఉంటుంది.”

ఆగాం. రాలేదు. రెండో ముక్క నొక్కాను, మూడోది నొక్కాను.

“వైరు లూజేమో సూడరా.”

“వైరు లేదు, గాల్లోంచి వస్తాది.”

“అయితే గాలి ఎక్కువైపోనాది, అటు తిప్పండి.”

“నెట్టు లేదేటో, మేడెక్కీసి సూడండి.”

సూర్యనారాయణ విసిగిపోయి సౌండు మీట చివరిదాకా తిప్పేశాడు. అప్పుడు వచ్చింది. సముద్రం హోరు. మామూలు హోరు కాదు, పక్కనే ఉన్న అసలు సముద్రం కన్నా పెద్దది. దాని మీద ఒక కాకి కూత. తరవాత షామియానా అదిరేటట్టు, “ఉఫ్ఫ్ఫ్...” అని ఒక ఊదుడు. వెనక వరసలో పిల్లలు కెవ్వుమన్నారు.

ఒక్కసారిగా ఆ ప్రోగ్రాం, ఆ కమిటీ, ఆ జ్ఞాపిక అన్నీ గుర్తొచ్చాయి. అయినా ఆశ చావక, అందరి ముందే ఉమకు ఫోను చేశాను. కంగారులో ఫోను స్పీకరుకు కలిసే ఉందన్న సంగతి మరిచిపోయాను.

“ఉమా, నరసమ్మత్త మాటలు ఎక్కడున్నాయి?”

“ఏ మాటలు?” అంది ఉమ, షామియానా నిండా.

“అదే, రికార్డింగులో మాటలు!”

“నువ్వే కదే చెరిపేశావు! మాటలు తీసేసి మౌనం దాచినందుకు నీకు సన్మానం కూడా చేశారుగా!”

పెట్టేశాను. లక్ష్మి లేచి నా దగ్గరికి వచ్చింది. దానికి కోపం వస్తే అచ్చం తల్లిలాగే ఉంటుందని అప్పుడే తెలిసింది.

“అంటే ఏటి మేడమ్? మాయమ్మ మాటలన్నీ పారీసి, అది ఊదిన పొగ దాసినావా?”

ఇంత సూటిగా నా పరిశోధన సారాంశాన్ని ఏ సదస్సులోనూ ఎవరూ చెప్పలేదు. “అవును లక్ష్మీ” అన్నాను. తల ఎత్తలేకపోయాను. దానయ్య మావ వంక చూడాలంటే భయం. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. దాన్ని నా చేత్తో నేనే చెరిపేసి, ఉందని మాటిచ్చి, వారం రోజులు ఆశపెట్టాను. అంతేకాదు, నాకు దొరికిన ఆ గొంతును కూడా నేనే పారేసుకున్నాను. స్పీకరు ఆపబోయాను.

“ఆపకు” అన్నాడు దానయ్య మావ.

ఆయన స్పీకరు వైపు వంగి కూర్చున్నాడు. చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. “అడ్డపొగ పెట్టినాదిరా అది. ఊదతన్నాది, ఇనండి. ఇప్పుడు సుట్ట తీస్తాది సూడు.” నిజంగానే చివర్లో పెదవులు విడివడిన చిన్న చప్పుడు, ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు. అక్కడితో ముక్క అయిపోయింది. ఆ తరవాత రావలసిన మాట దగ్గరే నా ప్రోగ్రాం కత్తిరించింది.

ఆయన నా వైపు తిరిగాడు. “మేడమూ, ఈపాలి నన్ను మాటాడనిస్తావేటి?”

నాకు అర్థం కాలేదు. “అదేమిటి మావా?”

“అప్పుడు నువ్వే గదా సెప్పినావు, ‘మావా, రికాట్టింగు అయినంతసేపు నువ్వు మాటాడకు’ అనీసి. తొమ్మిదిసార్లొచ్చినావు. తొమ్మిదిసార్లూ నోరు మూసుకొని కూకున్నాను. మాయింట్ల నాకు మాటాడ్డానికి దొరికీది ఆ సందొక్కటే. దాని నోట్ల నిప్పున్నంతసేపే. లచ్చిమి సంబంధం సంగతి దానికి అప్పుడే సెప్పినాను. పెద్దపడవ కొన్న సంగతీ అప్పుడే సెప్పినాను. నిప్పు తీసీసినాదంటే మరి నాకు సందెక్కడిది?”

ఆయన స్వభావం అనుకున్న మౌనం నేను పెట్టిన నిబంధనే. యాభై ఏళ్ళ కాపరంలో ఆ మనిషికి ఉన్న కాసిని నిమిషాల్లో తొమ్మిది రోజుల వంతు నేను మింగేశానన్నమాట.

“మాట్లాడు మావా” అన్నాను. సౌండు తగ్గించి రెండో ముక్క నొక్కాను. సముద్రం, కాకి, ఊదుడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఒసే, నెత్తళ్ళు రెండ్రోజుల్నుంచి ఎవులూ తిరగెయ్యలేదు. లచ్చిమికి సెప్తన్నాను, అది నా మాట ఇంటాదేటి? నువ్వైనా దానికి కొంచెం గట్టిగా సె...”

పెదవుల చప్పుడు వచ్చింది. ఆయన మాట మధ్యలోనే టక్కున ఆగిపోయాడు. తల దించుకుని, భుజాలు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. ఏ క్షణాన మీద పడుతుందోనని కాచుకున్నవాడిలా ఉన్నాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత షామియానా అంతా నవ్వేసింది. లక్ష్మి ఏడుస్తూనే నవ్వింది. “ఇంతే! మా నాయన ఇలగే ఆగిపోయీవోడు!” అంది. నేనూ నవ్వాను.

“ఇంకోటి ఎయ్యి” అన్నాడు మావ. వేశాను.

ఈసారి వెంటనే మాట్లాడలేదు. ఒక ఊదుడు అయ్యేదాకా ఆగాడు. తరవాత చిన్న గొంతుతో అన్నాడు. “ఆరోజు పొద్దున్న నువ్వు గుండెల కాడ నొప్పన్నావు. ఎండకిలే అనీసి నాను ఒడ్డుకెలిపోనాను. నిన్ను ఆస్పత్రికి తీసుకెల్లాల. తీసుకెల్లనేదు. నాదే తప్పు. ఏటంటావో అను.”

పెదవుల చప్పుడు. ఊపిరి. అయిపోయింది.

ఎవరూ నవ్వలేదు. ఆయన తల దించుకునే ఉన్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అసలు సముద్రం చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చివరికి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని తల ఎత్తాడు. మొహం తేటగా ఉంది.

“తిట్టీసినాది” అన్నాడు.

“ఏమంది మావా?” అన్నాను. ఇలాంటిది అడగకూడదని అడిగాకే తెలిసింది.

“నీకెందుకే అది? గొంతు మట్టుకు ఒచ్చీసినాది. నానాపితే అది అందుకునీది గదా ఎప్పుడూ. నానాపీసరికి ఒచ్చీసినాది. అదే గొంతు. కొంచిం కూడా తేడా నేదు.” లేచి వచ్చి స్పీకరు మీద చెయ్యి వేశాడు. “మరింక సాలు. అన్నీ ఒక్కరోజే వాడీకూడదు.”

ఇప్పుడు ఆ ముక్కలన్నీ ఆయన దగ్గర కూడా ఉన్నాయి. లక్ష్మి ఒక చిన్న డబ్బాలాంటి స్పీకరులో ఎక్కించి ఇచ్చింది. వల కుట్టుకుంటూ రోజుకు ఒక్కటి పెట్టుకుంటాడట. ఆ కాసేపూ ఏం చెప్పాలో పొద్దున్నుంచీ ఆలోచించుకుంటాడట. మొన్న వెళ్ళినప్పుడు, “మావా, నీ మాటలు కూడా రికార్డు చేస్తాను, ఈసారి చెరపను” అన్నాను. ఆయన సూది ఆపి నా వంక చూశాడు. “నా కాడ సెరపడానికి మాటలేటున్నాయే? మౌనం కావాలంటే ఎంతైనా పట్టుకెల్లు” అన్నాడు.

నేనూ ప్రయత్నించాను. విజయనగరంలో నా గది తలుపు వేసుకుని ఒక ముక్క పెట్టుకున్నాను. ఊదుడు వినిపించగానే, “అత్తా, రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు” అన్నాను. పెదవుల చప్పుడు దగ్గర ఆగాను. ఏమీ రాలేదు. కాకి వచ్చింది. ఆ తొమ్మిదిసార్లూ ఆవిడ నోట్లో నిప్పున్నప్పుడు నేను ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్కసారీ ఏమీ చెప్పలేదు. నేనేమీ చెప్పని చోట ఆవిడ నాకు జవాబెలా ఇస్తుంది? అయినా వారానికోసారి పెట్టుకుంటున్నాను. వస్తుందేమోనని ఆశ.

కాబట్టి అయ్యా, అమ్మా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. మనిషి మాట చెరిపే ప్రోగ్రాం ఇక ఈ జన్మలో రాయను. కమిటీ పట్టుబట్టి రాయాల్సే వస్తే, ముందు ఆ ఇంటాయన్ని అడిగి రాస్తాను. ఎవరింటికి వెళ్ళినా ముందు ఫోను సంచిలో పడేసి, ఎదుటి మనిషి నోట్లో చుట్ట ఉందో లేదో కళ్ళతో చూస్తాను. వినని దాని గురించి షామియానాలో ఉపన్యాసం ఇవ్వను, ఇవ్వను, ఇవ్వను.

నరసమ్మత్త ఇప్పుడు ఎదురుగా ఉంటే ఈ శపథానికి ఏమనేదో నాకు బాగా తెలుసు. “ఒసే మేడమూ, ఆ ఒట్లు ఆపి కంచం దగ్గర కూకో” అనేది. మాటలు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. గొంతే రావడం లేదు.